చెమట పట్టే పైపు

మేస్త్రి మామయ్య పోయాడు. ఈ మే నెల మధ్యలో, ఒక పొద్దున తొమ్మిదింటికి అత్తయ్య ఫోన్ చేసింది. "అమ్మడూ, మీ మామయ్య ఇక లేడే" అంది. ఏడుపు దిగమింగుకుని వెంటనే, "నువ్వు మాత్రం రాకు. ఎండ మండిపోతోంది. నువ్వొస్తే ఆయన నన్ను తిడతాడు" అని కూడా అంది. చనిపోయిన మనిషి తిడతాడని భయపడుతున్న ఆవిడకి ఏం చెప్పను? "నేను రాకపోతే నన్ను తిడతాడు అత్తయ్యా" అని ఫోన్ పెట్టేశాను. అప్పుడు నేను గుంటూరులో, నేను పనిచేసే కోల్డ్ స్టోరేజీలో, స్వెట్టరు వేసుకుని మిరప బస్తాల మధ్య నిలబడి ఉన్నాను.

చదివేవాళ్ళకు ముందుగా రెండు సంగతులు చెప్పాలి. మేస్త్రి మామయ్య మాకు చుట్టం కాడు. మార్టూరు దగ్గర హైవే పక్కన, గ్రానైటు పాలిష్ పట్టే యూనిట్ల వరసలో, ఒక రేకుల షెడ్డులో కార్ల ఏసీలు బాగుచేసే మనిషి. అమ్మ ఆయన్ని అన్నయ్యా అని పిలిచింది కాబట్టి నాకు మామయ్య అయ్యాడు. వాళ్ళు మసీదుకు వెళతారు, మేము గుడికి వెళతాం. పన్నెండేళ్ళుగా ఆ వరస మాత్రం ఎవరూ మార్చలేదు.

రెండో సంగతి, నాకు చెమట పట్టదు. తక్కువ పడుతుందని కాదు, అసలు పట్టదు. పుట్టుకతోనే నా ఒంట్లో చెమట గ్రంథులు లేవు. జుట్టు పలచన, పళ్ళు నాలుగైదు తక్కువ, కళ్ళలో తడి కూడా అంతంత మాత్రమే. వీటితో నాకేమీ పేచీ లేదు. నా పేచీ అంతా ఎండతోనే. మీకు ఎండ తగిలితే ఒళ్ళు తడుస్తుంది, ఆ తడి ఆరుతూ మిమ్మల్ని చల్లబరుస్తుంది. నాకు లోపలి వేడి లోపలే ఉండిపోతుంది. పావుగంట ఎండలో నడిస్తే ఒళ్ళు కాలిపోతుంది, అరగంటయితే పడిపోతాను.

మా వైపు ఎండ అంటే ఏదో రెండు నెలల ముచ్చట కాదు. మిరప కల్లాల్లో కాయ ఎర్రగా ఎండే రోజుల్లోనే మొదలవుతుంది, తొలకరి పడేదాకా వదలదు. "వేసవిలో పిల్లను బయట తిప్పకండి" అన్నాడు నన్ను చూసిన డాక్టరు. ఆయన అన్నది అంతే. ఆ మాటకి మా చుట్టాలు ఇంకో నాలుగు మాటలు అతికించారు. ఈ పిల్లకి బడెందుకు, పరీక్షలెందుకు, నీడపట్టున కూర్చోబెట్టి ఇంత ముద్ద పెట్టండి, అదే పదివేలు అన్నారు. నా ఎదురుగానే అన్నారు. ఒళ్ళు వేడెక్కితే చెవులు కూడా పనిచేయవనుకున్నారేమో.

అమ్మ మాత్రం చీరాలలో ఒక బట్టల వ్యాపారి వాడి వాడి వదిలేసిన పాత తెల్ల డీజిలు కారు నాన్నచేత కొనిపించింది. ఎందుకంటే దానికి ఏసీ ఉంది. కారుతో పాటు వచ్చిన ఏసీ కాదు, తర్వాతెప్పుడో ఎవరో డాష్‌బోర్డు కింద నల్ల డబ్బాలాగా బిగించింది. నాన్నకి పత్తి, మిరప తప్ప వేరే ధ్యాస లేదు కనక స్టీరింగు అమ్మే పట్టింది. కొంగు నడుముకు చుట్టుకుని, సీటు మీద దిండు వేసుకుని, నెల రోజుల్లో డ్రైవింగు నేర్చేసుకుంది. ఊళ్ళో ఆవిడకి 'ఏసీ కారమ్మ' అని పేరు పెట్టారు. రైతు కొంపకి ఏసీ కారు కావాల్సి వచ్చిందా అని మూతులు తిప్పారు. ఆ మొదటి వేసవిలోనే ఏసీ మొరాయించింది. అంతే, మూతులు తిప్పినవాళ్ళకి పండగ.

ముగ్గురు మెకానిక్కులకు చూపించాం. ఇద్దరు గ్యాసు తగ్గిందని నింపారు. మూడో ఆయన కంప్రెసరు చచ్చిపోయిందన్నాడు, అసలు ఈ బండే పాతది, వదిలేయండి అన్నాడు. నాలుగో మనిషి మేస్త్రి మామయ్య. అప్పుడు నాకు పదేళ్ళు.

ఆ రోజు ఆయన చేసిన మొదటి పని బానెట్ తెరవడం కాదు. షెడ్డుకి ఎండ కొట్టే వైపున గోనె పట్టాలు కట్టి, బిందెతో నీళ్ళు చల్లి, నాకు అక్కడ కుర్చీ వేశాడు. అమ్మ నా సంగతి ఒక్క ముక్కలోనే చెప్పింది, ఆయన రెండో ముక్క అడగలేదు. తర్వాత కారెక్కి, అద్దాలన్నీ ఎత్తేసి, వెనక సీట్లో అయిదు నిమిషాలు కదలకుండా కూర్చున్నాడు. చొక్కా తడిసిపోయి బయటికొచ్చాడు. అప్పుడు నన్నడిగాడు.

"ఏమ్మా అమ్మడూ, వెనక సీట్లో కూర్చునేది నువ్వే గదా. ఇది ఎప్పుడు చల్లబడటం మానేస్తుంది?"

నేను అమ్మ వంక చూశాను. నా గురించిన ఏ ప్రశ్నయినా అప్పటిదాకా అమ్మనే అడిగేవాళ్ళు.

"అమ్మనెందుకు చూస్తావు? అమ్మ దృష్టి రోడ్డు మీదుంటుంది. నువ్వు చెప్పు."

"ఆగినప్పుడు. రైలు గేటు దగ్గర ఆగితే వేడిగాలి వస్తుంది. రోడ్డు మీద గట్టిగా పోతే కొంచెం చల్లగా ఉంటుంది."

ఆయన చేతులు తుడుచుకుని అమ్మతో అన్నాడు. "విన్నావా చెల్లెమ్మా? ముగ్గురు మగాళ్ళు కనిపెట్టలేంది పిల్ల చెప్పేసింది. కంప్రెసరు చస్తే ఆగినా వేడే, పరిగెత్తినా వేడే. గ్యాసు లేకపోయినా అంతే. ఇది ఆగినప్పుడే చస్తుందంటే దీనికి ఊపిరి ఆడట్లేదు."

అప్పుడు బానెట్ తీశాడు. బండి ముందున్న జాలీ వెనక చెయ్యి పెట్టి ఒక గుడ్డను పట్టి లాగాడు. అది మా నాన్న కట్టిన దోమతెర.

ఈ దోమతెర సంగతి మా వైపు వాళ్ళకి చెప్పనక్కర్లేదు. పత్తి రోజుల్లో లారీల మీంచి, పత్తి కుక్కిన బోరేల మీంచి దూది రేగి రోడ్డంతా ఎగురుతూ ఉంటుంది. దానికి తోడు కల్లాల్లోంచి కారం దుమ్ము, మార్టూరు దగ్గరికొస్తే రాతి పొడి. ఇంజను పాడవుతుందని ఇక్కడ చాలామంది బండి ముందు దోమతెర గుడ్డ కడతారు. మా నాన్న బిడ్డ ఎక్కే బండి కదా అని రెండు మడతలు కట్టాడు. సన్నటి దూది పోగులు ఆ రంధ్రాల్లోంచి దూరి, లోపల వేడిని బయటికి వదిలే ఏసీ జల్లెడకీ గుడ్డకీ మధ్య పేరుకుని, నూనె జిడ్డుతో గట్టిపడిపోయాయి. మామయ్య లాగితే చేటంత పొర ఒకటి ఊడొచ్చింది. అది తెచ్చి నా ఒళ్ళో పడేశాడు.

"మా నాయన చచ్చేదాకా దూదేకాడమ్మా. ఇంటింటికీ తిరిగి పరుపులు కుట్టాడు. దూది గాలిని పట్టుకుంటే కదలనీయదు, అందుకే పరుపు వెచ్చగుంటుంది. మీ ఆయన ప్రేమకొద్దీ కారుకి పరుపు కప్పాడు చెల్లెమ్మా. అది ఉడికిపోక ఏం చేస్తుంది?"

అమ్మ మొహం మాడిపోయింది. ఆయన పట్టించుకోకుండా నాకు చెప్పుకుపోయాడు. ఏసీ చల్లదనం తయారుచెయ్యదట. లోపలున్న వేడిని మోసుకెళ్ళి బయట పారబోస్తుందట. పారబోసే చోటు మూసుకుపోతే ఎంత గ్యాసు నింపినా ప్రయోజనం లేదట. దూదంతా దులిపి, నీళ్ళతో కడిగి, ముందువాళ్ళు ఎక్కువగా నింపిన గ్యాసు తీసి సరిచేశాడు. ఇంజను ఆన్ చేయించి నన్ను పిలిచి, ఒక పైపు మీద నా చెయ్యి పెట్టించాడు. చల్లగా ఉంది. చూస్తూండగానే దాని మీద సన్నటి నీటి బొట్లు లేచాయి.

"చూశావా, పైపుకి చెమట పట్టింది. ఏసీ బాగుందనడానికి ఇదే గుర్తు. నీకు పట్టాల్సిన చెమట ఇక నుంచి దీనికి పడుతుంది. నువ్వు ఎక్కడికెళ్ళాలంటే అక్కడికెళ్ళు."

నాకు లేనిది ఇదీ అని చెప్పినవాళ్ళు బోలెడుమంది. దాని బదులు ఇంకొకటి పెట్టుకోవచ్చని చెప్పిన మొదటి మనిషి ఆయన. ఇప్పుడు రాస్తుంటే కూడా ఆ చల్లదనం వేళ్ళకి తగులుతోంది.

మామయ్యకి కొన్ని పట్టుదలలు ఉండేవి. ముందు అడగాలి, తర్వాత చెయ్యి పెట్టి చూడాలి, ఆ తర్వాతే గ్యాసు మీటరు పెట్టాలి. ఈ వరస తప్పితే ఒప్పుకునేవాడు కాదు. బండి దిగుతూనే "గ్యాసు కొట్టు మేస్త్రీ" అన్నవాళ్ళని, "అయితే మీరే కొట్టుకోండి" అని మీటరు చేతికిచ్చేవాడు. "ఏది చెడిందో తెలిసేదాకా ఏదీ చెడనట్టే" అన్నది ఆయన రోజుకి పదిసార్లు అనే మాట. మజ్జిగ తాగుతూ కూడా అనేవాడు. అత్తయ్య విసుక్కుని, "మజ్జిగైతే చెడింది, పులిసిపోయింది, పారెయ్యి" అనేది.

'పాత' అన్న మాట వింటే మాత్రం ఆయనకి ఒళ్ళు మండేది. ఒకసారి నేనక్కడ ఉండగానే ఒక పెద్దమనిషి కారు దిగి, "పాత బండి కదా మేస్త్రీ, ఇంతకంటే ఏం చల్లబడుతుందిలే, ఏదో ఒకటి చేసి పంపించు" అన్నాడు. మామయ్య పానా కింద పెట్టాడు.

"పాతదంటే ఏది పాతది? పేరు చెప్పు. పైపా? బెల్టా? ఫ్యానా?"

"మొత్తం పాతదే కదయ్యా."

"మొత్తం అనేది బండిలో లేదండి. నేను చాలా బళ్ళు విప్పాను, ఆ సామాను ఎక్కడా కనపడలా. మీకూ అరవై దాటినట్టున్నాయి, మోకాలు నొప్పంటే డాక్టరు మిమ్మల్ని మొత్తంగా పారేస్తున్నాడా?"

పెద్దమనిషి కోపంతో వెళ్ళిపోయాడు. రెండు రోజుల తర్వాత మళ్ళీ వచ్చాడు. బెల్టు జారుతోందని తేలింది.

ఆయనెప్పుడూ తప్పు చెయ్యలేదని చెప్పను. అలా రాస్తే ఆయనే ఒప్పుకోడు. ఒక ఏడు కల్లంలో కాయ ఆరబోసి ఉండగా మబ్బేసింది. ట్రాక్టరు అందుబాటులో లేదు. నాన్న కంగారులో మిరప బస్తాలు కారులో వెనక సీటు మీద కుక్కి ఇంటికి చేర్చాడు. వారం తర్వాత ఏసీ పెట్టగానే నేనూ అమ్మా తుమ్మడం మొదలెట్టాం. గాలి కూడా నీరసంగా వచ్చేది. మామయ్య గాలి కొట్టే మోటారు పోయిందని మార్చాడు. తుమ్ములు ఆగలేదు. రెండోసారి వెళితే డాష్‌బోర్డు కింద నల్ల డబ్బా విప్పాడు. లోపల చల్లబడే జల్లెడ ఎప్పుడూ తడిగా ఉంటుంది కదా, కారు లోపలి కారం దుమ్మంతా ఆ తడికి అంటుకుని ముద్దయిపోయింది. వేలితో తీసి చూపించాడు, రోట్లో నూరిన పచ్చడిలాగే ఉంది.

"ఇంత ఉప్పు కలిపితే ఇడ్లీలోకి పనికొస్తుంది" అన్నాడు. తర్వాత నవ్వు ఆపి నాతో, "అమ్మడూ, తప్పు నాది. మొదటిరోజు నువ్వు తుమ్ములొస్తున్నాయని చెప్పావు, నేను గాలి తక్కువన్న మాటే విన్నాను. డబ్బా విప్పడానికి బద్ధకించాను. మోటారు నిక్షేపంలాగా ఉంది, పాతదే మళ్ళీ బిగిస్తాను" అన్నాడు. పదకొండేళ్ళ పిల్లకి క్షమాపణ చెప్పిన పెద్దవాళ్ళు నాకు ఆయన తప్ప గుర్తు లేరు. ఆ రోజు నాన్నకి కబురు కూడా పంపాడు. ఈ కారులో మిరపకాయ ఎక్కకూడదు, పిల్ల ఎక్కాలి, అంతే.

ఇక పరీక్ష సంగతి. ఇంటర్ అయ్యాక ఎంట్రన్సు రాయాలి. పరీక్ష గుంటూరులో, అదీ మే నెలలో. అది రాయకపోతే డిగ్రీ లేదు, ఉద్యోగం లేదు, చుట్టాలు చెప్పిన నీడపట్టే గతి. రాయడానికి బయల్దేరి దారిలో ఏసీ ఆగితే ఏమవుతుందో కూడా ఇంట్లో అందరికీ తెలుసు. పక్షం రోజుల ముందు నుంచి మా ఇంటికి సలహాలు క్యూ కట్టాయి. మే నెలలో గుంటూరా, పిల్లని చంపుకుంటారా అన్నారు. అప్పటిదాకా ఎవరికీ తలవంచని అమ్మ మొదటిసారి భయపడింది. హాల్ టికెట్టు దేవుడి పటం వెనక పెట్టి, దాని మాటే ఎత్తడం మానేసింది.

నేనే ఆవిడని షెడ్డుకి లాక్కెళ్ళాను. మామయ్య అంతా విన్నాడు.

"పిల్లని దాచిపెట్టుకోడానికి అదేమన్నా ఆవకాయ జాడీనా చెల్లెమ్మా? గుడ్డ కట్టి అటక మీద పెడతావా?"

"నువ్వు కూడా కారులో రా అన్నయ్యా. నువ్వుంటే నాకు ధైర్యం."

"నేను రాను."

అమ్మకి కోపం వచ్చింది, నాకు అంతకంటే ఎక్కువ వచ్చింది. ఆయన మెత్తబడలేదు. "ఈ ఒక్క రోజు నేనొస్తే పరీక్ష రాస్తుంది. రేపు కాలేజీకి ఎవరొస్తారు? ఎల్లుండి ఉద్యోగానికి ఎవరొస్తారు? బండి ఆగితే ఏం చెయ్యాలో దానికే నేర్పుతాను. రోజూ పొద్దున్నే ఎండెక్కకముందు తీసుకురా" అన్నాడు.

పది రోజులు వెళ్ళాను. ఆయన కావాలని ఏదో ఒకటి పాడుచేసి పెట్టేవాడు. ఒకరోజు ఫ్యూజు తీసేసేవాడు, ఒకరోజు బెల్టు వదులు చేసేవాడు. నేను వెనక సీట్లోనే కూర్చుని, ఒళ్ళుతోనూ చెవులతోనూ కనిపెట్టి, అమ్మకి చెప్పి చేయించాలి. ఏసీ అందుకునేటప్పుడు ఇంజనులో 'టక్' మని ఒక చప్పుడు వస్తుంది. ముందు అది వినాలి. అది వచ్చీ చల్లబడకపోతే ఒక దారి, అసలు రాకపోతే ఇంకో దారి. నాలుగో రోజు నేను తొందరపడి "గ్యాసు పోయింది" అన్నాను. ఆయన ముంగిట నీళ్ళు చల్లుతున్నవాడల్లా ఆగి, "నీక్కూడా ఆ జబ్బు అంటుకుందా?" అన్నాడు. ఆ తర్వాత నేను ఆ మాట అనలేదు.

పరీక్ష రోజు చిలకలూరిపేట దాటాక ఇరుక్కుపోయాం. అప్పట్లో హైవే వెడల్పు చేస్తున్నారు. ఎక్కడో ముందు లారీ ఒరిగిందట, వెనకా ముందూ కదలడానికి లేదు. ఉదయం తొమ్మిదిన్నరకే రోడ్డు పొగలు కక్కుతోంది. అయిదు నిమిషాలు బాగానే ఉంది. తర్వాత నా మోకాళ్ళకి తగిలే గాలి మారింది. అమ్మకి తెలియలేదు, నాకు తెలిసింది.

అమ్మ అద్దంలోంచి నన్ను చూసి స్టీరింగు మీద చేతులు బిగించింది. నేను కళ్ళు మూసుకుని విన్నాను. టక్ మనడం లేదు. నా చెవులు వేడెక్కుతున్నాయి. భయం వేసిందా అంటే వేసింది. కానీ దానికంటే ముందు, ఇన్నాళ్ళూ మూతులు తిప్పినవాళ్ళ మొహాలన్నీ కళ్ళముందుకొచ్చాయి. వాళ్ళ మాట నిజం చెయ్యడానికి నేను ఛస్తే ఒప్పుకోను అనుకున్నాను.

"అమ్మా, ఆగినప్పుడే పోయింది. అంటే గాలి ఆడట్లేదు. దిగి ముందు ఫ్యాను చూడు."

అమ్మ బానెట్ ఎత్తింది. "తిరగట్లేదే!"

"దాని ఎర్ర తీగ పట్టుకుని చివరిదాకా పో. ఎక్కడన్నా ఊడిందేమో చూడు."

పక్క లారీ డ్రైవరు కిటికీలోంచి తల పెట్టి నవ్వాడు. "ఏసీ లేకపోతే చచ్చిపోతారా ఏందమ్మా?"

"చచ్చిపోతుంది నాయనా. కాస్త చూస్తూ ఊరుకో" అంది అమ్మ, తల తిప్పకుండానే.

ఆ నవ్వు ఆగిపోయింది. ఆ డ్రైవరు దిగొచ్చి, తన మంచినీళ్ళ డబ్బాలో తువ్వాలు ముంచి కిటికీలోంచి నాకందించాడు. నేనది తల మీద వేసుకున్నాను. గుంతల కుదుపులకి తీగ అతుకు దగ్గర ఊడిందట, అమ్మ నొక్కి పెట్టింది. ఫ్యాను తిరిగింది. మేం ముగ్గురం చెవులు రిక్కించి ఎదురుచూశాం. ఎంతసేపో చెప్పలేను. టక్ మంది. అమ్మ పైపు మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడింది, ఉన్నట్టుండి అంత పెద్ద హైవే మీద గొంతెత్తి అరిచింది.

"పట్టిందే అమ్మడూ! చెమట పట్టింది!"

చుట్టూ బళ్ళలో వాళ్ళు ఈవిడకి మతి పోయిందనుకుని ఉంటారు. అనుకోనీండి. నేను పరీక్ష రాశాను, సీటు తెచ్చుకున్నాను. ఆహార పదార్థాలు నిలవచేసే చదువు చదివాను. చెమట పట్టని పిల్ల ఏం ఉద్యోగం చేస్తుందని అడిగినవాళ్ళకి నా జవాబు కోల్డ్ స్టోరేజీ. ఎండాకాలంలో ఊరంతా విసనకర్రలు ఊపుకుంటుంటే నేను స్వెట్టరు వేసుకుంటాను. ఈ చదువు ఉందని వాకబు చేసి చెప్పింది కూడా మామయ్యే. కోల్డ్ స్టోరేజీ మిషన్లు ఆయన స్నేహితుడు చూసేవాడు.

పరీక్ష అయ్యాక ఆ సాయంత్రమే షెడ్డుకెళ్ళి జరిగింది చెబితే ఆయన మెచ్చుకోలేదు. బానెట్ ఎత్తి ఆ తీగ అతుకు చూసి, "ఇది నేను కట్టిందే. కుదుపుకి ఊడేట్టు కట్టాను, సిగ్గులేనివాణ్ణి" అని దాన్ని విప్పి కొత్తగా కట్టాడు. కట్టి గట్టిగా లాగి చూసి, ఇంకోసారి లాగి చూశాడు. ఆ తర్వాత అయిదేళ్ళు మాత్రం షెడ్డుకొచ్చిన ప్రతివాడికీ ఆ కథ చెప్పాడని అత్తయ్య చెప్పింది. ఆయన చెప్పే కథలో ఊడిన తీగ మాట ముందొచ్చేదట, తర్వాతే నేనట.

మధ్యలో పాత గ్యాసు దొరకడం మానేసింది. కొత్త గ్యాసు వచ్చింది. బయట కొందరు పాత బళ్ళలో కొత్తది నేరుగా నింపేసి పంపేవాళ్ళు. కొత్త గ్యాసుతో పాత నూనె కలవదు, కంప్రెసరు ఎండిపోయి పట్టేస్తుంది. అప్పుడు బండి పాతది కదా అని చేతులు దులుపుకునేవాళ్ళు. మామయ్య మా కారు పైపులన్నీ విప్పి కడిగి, నూనె మార్చి, రబ్బరు వాషర్లు మార్చి, అప్పుడు నింపాడు. నాలుగు రోజులు పట్టింది. "దీన్ని పాతదన్నవాడి నోరు ఇంకో పదేళ్ళు మూతపడాలి" అన్నాడు. ఇంకా మూతపడే ఉంది.

ఆయన పోయిన రోజు అమ్మ కారు తీసుకుని గుంటూరు వచ్చింది. మేం వాళ్ళింటికి చేరేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. గుమ్మంలో తడి గోనె పట్టా కట్టి ఉంది. అంత దుఃఖంలోనూ అత్తయ్య నాకోసం కట్టించింది. మామయ్య పొద్దున్న నమాజుకి లేచి, కాళ్ళూ చేతులూ కడుక్కుని వజూ చేసుకుంటూ ఒరిగిపోయాడట. "గుండెలో ఏం చెడిందో కూడా చూసుకోనివ్వలేదే ఆయన్ని" అని నన్ను పట్టుకుని ఏడ్చింది.

అక్కడే ఒకాయన, మంచివాడే, ఆరిందాలాగా అన్నాడు. "పాత కార్ల మెకానిక్కు పాపం. ఆయన నేర్చింది ఆయనతోనే పోయింది. ఇప్పుడు బండికి కంప్యూటరు పెడితే రోగం అదే చెబుతుంది."

చావింట్లో నోరెత్తకూడదంటారు. నేనెత్తాను. "ఏమీ పోలేదండి. ఇదిగో నా దగ్గరుంది. మా అమ్మ దగ్గరుంది. మీరు కంప్యూటరు తప్పకుండా పెట్టుకోండి, కానీ దానికంటే ముందు వెనక సీట్లో కూర్చున్నవాళ్ళని అడగండి" అన్నాను. ఆయన నొచ్చుకున్నాడు. నొచ్చుకోనీండి. మేస్త్రి మామయ్యకి కాలం చెల్లిందని నా ఎదుట ఎవరన్నా నా జవాబు ఇదే. ఆయన బాగుచేసిన బండిలో, ఆయన తెరిచిన దారిలో, ఆయన పంపమన్న ఎండలోకి నేను ఇప్పటికీ వెళ్ళొస్తున్నాను. చెల్లిపోయిన మనిషి చేసే పనేనా ఇది?

మగవాళ్ళు ఆయన్ని మోసుకుని కబరస్తానుకి నడిచారు. ఆడవాళ్ళు లోపలికి వెళ్ళరు. నేనూ అమ్మా కారులో వెనకే వెళ్ళి ప్రహరీ గోడ పక్కన ఆపుకున్నాం. నీడ లేదు. ఇంజను ఆపలేదు, ఏసీ ఆపలేదు. గోడ మీదుగా తలలు మాత్రం కనిపిస్తున్నాయి, ఒక్కొక్కరే వంగి మట్టి వేసి లేస్తున్నారు. అమ్మ కొంగులో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. భుజాలు అదిరాయి, కళ్ళు మండాయి. నీళ్ళు మాత్రం రాలేదు. నా కళ్ళ సంగతి ముందే చెప్పాను.

అందరూ చేతుల మట్టి దులుపుకుంటూ బయటికొచ్చాక అమ్మ కళ్ళు తుడుచుకుని గేరు వేసింది. కారు కదిలింది. వెనక అద్దంలోంచి చూశాను. అంతసేపూ కారు నిలబడ్డ చోట, ఎండకి తెల్లబోయిన నేల మీద, చల్లబడ్డ పైపు బొట్టు బొట్టుగా కార్చిన నీళ్ళ మరక అరిచేతి వెడల్పున నల్లగా ఉంది. మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నాను. అంత ఎండలోనూ అది ఇంకా ఆరలేదు.